పల్లెకు వైద్యం చేరేదెలా? ఛత్తీస్‌గఢ్ పాతికేళ్ల అనుభవం

వానాకాలం. అడవి అంచున ఒక గూడెం. మూడేళ్ల బిడ్డకు రాత్రి నుంచి జ్వరం. తల్లి ముందు మూడు ప్రశ్నలుంటాయి. ఇది రెండు రోజుల్లో తగ్గిపోయే జ్వరమా, ఆస్పత్రికి తీసుకెళ్లాల్సిన జ్వరమా? తీసుకెళ్లాలంటే పొంగుతున్న వాగు దాటేదెలా? దాటి వెళ్లాక అక్కడ డాక్టరు ఉంటారా, మందు దొరుకుతుందా?

ఫాల్సిపారం రకం మలేరియా అయితే ఈ మూడు ప్రశ్నలకూ జవాబు దొరికేందుకు ఉన్న వ్యవధి చాలా తక్కువ. చికిత్స అందకపోతే 24 గంటల్లోనే అది చిన్నపిల్లల్లో తీవ్రరూపం దాల్చవచ్చు.

ప్రసూతి మరణాలకు కారణాలను వెదికిన సెరీన్ థాడియస్, డెబొరా మెయిన్ అనే పరిశోధకులు 1994లో ఈ మూడు ప్రశ్నలనే 'మూడు ఆలస్యాలు'గా వివరించారు. ఆస్పత్రికి వెళ్లాలని నిర్ణయించుకోవడంలో జరిగే ఆలస్యం మొదటిది. ఆస్పత్రికి చేరుకోవడంలో ఆలస్యం రెండోది. చేరుకున్నాక సరైన చికిత్స అందడంలో ఆలస్యం మూడోది. తల్లుల మరణాలను అర్థం చేసుకోవడానికి పుట్టిన ఈ వివరణ పల్లెల్లోని దాదాపు ప్రతి అత్యవసర జబ్బుకూ వర్తిస్తుంది. వీటిలో ఏ ఒక్కటి మిగిలిపోయినా మిగతా రెండింటినీ తగ్గించిన ఫలితం దక్కదు.

ఈ మూడింటినీ తగ్గించేందుకు దేశంలో ఎక్కువ ప్రయోగాలు జరిగిన రాష్ట్రాల్లో ఛత్తీస్‌గఢ్ ఒకటి. వాటిలో కొన్ని దేశమంతటికీ నమూనాగా మారాయి. కొన్ని మధ్యలోనే ఆగిపోయాయి. ఆగిపోయిన వాటి నుంచి కూడా నేర్చుకోవాల్సింది చాలా ఉంది.

కొత్త రాష్ట్రం, ఒకే వైద్య కళాశాల

2000 నవంబర్ 1న మధ్యప్రదేశ్ నుంచి విడిపోయి ఛత్తీస్‌గఢ్ ఏర్పడినప్పుడు రాష్ట్రం మొత్తానికీ ఉన్నది ఒకే వైద్య కళాశాల. 1963లో రాయ్‌పూర్‌లో ప్రారంభమైన పండిట్ జవహర్‌లాల్ నెహ్రూ స్మారక వైద్య కళాశాల అది. జనాభా రెండు కోట్ల పైచిలుకు. ప్రతి నలుగురిలో ముగ్గురికి పైగా పల్లెల్లో ఉంటారు. దాదాపు మూడోవంతు మంది గిరిజనులు. రాష్ట్ర విస్తీర్ణంలో సుమారు 44 శాతం అడవి.

రాయ్‌పూర్ నుంచి బస్తర్ కేంద్రమైన జగదల్‌పూర్ సుమారు 300 కిలోమీటర్లు. అక్కడి నుంచి ఆంధ్రప్రదేశ్ సరిహద్దులోని కోంటా చేరాలంటే ఇంకా 150 కిలోమీటర్లకు పైగా ప్రయాణించాలి. శబరి నది ఒడ్డునున్న కోంటా వాసులకు సొంత రాష్ట్ర రాజధాని కంటే భద్రాచలం ఎంతో దగ్గర. గోదావరి పరీవాహకంలోని భోపాలపట్నం వైపు వారికి వరంగల్ దగ్గర. తెలుగు మాట్లాడేవారు గణనీయంగా ఉన్న ఈ సరిహద్దు ప్రాంతాల నుంచి రోగులు రాష్ట్రం దాటి రావడం భద్రాచలం, చర్ల, ములుగు ప్రాంతాల వారికి తెలిసిన విషయమే.

జాతీయ ప్రమాణాల ప్రకారం మైదాన ప్రాంతాల్లో 30 వేల మందికి, గిరిజన, కొండ ప్రాంతాల్లో 20 వేల మందికి ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రం ఉండాలి. ఉప కేంద్రమైతే మైదానంలో 5 వేల మందికి, గిరిజన ప్రాంతంలో 3 వేల మందికి ఒకటి. జనసాంద్రత తక్కువగా ఉన్న అడవిలో ఆ 3 వేల మంది ఎన్నో కిలోమీటర్ల మేర చెల్లాచెదురుగా ఉంటారు. కాగితం మీద లెక్క సరిపోయినా కాలినడకన వెళ్లే మనిషికి ఆ కేంద్రం అందదు. అందుకే తలల లెక్కతో పాటు దూరాన్ని, దాటడానికి పట్టే సమయాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాల్సి వచ్చింది.

మొదటి ఆలస్యం: గూడేనికో నెచ్చెలి

ఛత్తీస్‌గఢ్ పల్లెల్లో ఒక పాత ఆచారం ఉంది. ఇద్దరు ఆడపిల్లలు లాంఛనంగా స్నేహం కలుపుకుంటే ఆ బంధం జీవితాంతం నిలుస్తుంది. ఒకరి కష్టం మరొకరిది. అలాంటి స్నేహితురాలిని 'మితానిన్' అంటారు. తెలుగులో నెచ్చెలి అనుకోవచ్చు. 2002లో రాష్ట్రం మొదలుపెట్టిన గ్రామ ఆరోగ్య కార్యకర్తల పథకానికి ఈ పేరే పెట్టారు. పథకం రూపకల్పనకు, శిక్షణకు అండగా రాయ్‌పూర్‌లో రాష్ట్ర ఆరోగ్య వనరుల కేంద్రం ఏర్పడింది. ప్రభుత్వం, పౌర సంఘాలు కలిసి నడిపే స్వయంప్రతిపత్తి సంస్థగా దాన్ని రూపొందించారు.

మితానిన్ పథకంలో రెండు అంశాలు ప్రత్యేకమైనవి. మొదటిది, ఆమెను అధికారులు నియమించరు, గూడెం వాళ్లే ఎన్నుకుంటారు. ఎన్నికకు ముందు ఊరూరా కళాజాతాలు నిర్వహించి ఈ పని ఏమిటో, ఎలాంటి మనిషి కావాలో జనానికి వివరించారు. 'కహత్ హై మితానిన్' పేరుతో ఆకాశవాణి కార్యక్రమం కూడా నడిచింది. రెండోది, ఆమె పరిధి రెవెన్యూ గ్రామం కాదు, అందులోని ఒక్కో పాడా, అంటే ఒక్కో గూడెం. నేడు రాష్ట్రంలో సుమారు 70 వేల మంది మితానిన్‌లు ఉన్నారు. 2011 జనాభా లెక్కల్లోని గ్రామీణ జనాభాతో భాగిస్తే ఒక్కొక్కరి పరిధిలోకి వచ్చేది సగటున 280 మంది. ఇంత చిన్న పరిధి కాబట్టే ఎవరి ఇంట్లో గర్భిణి ఉందో, ఎవరి బిడ్డ బరువు తగ్గుతోందో ఆమెకు రిజిస్టరు తెరవకుండానే తెలుస్తుంది.

2005 ఏప్రిల్‌లో జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్ ప్రారంభమై, వెయ్యి మందికి ఒకరు చొప్పున దేశమంతటా ఆశా కార్యకర్తలు వచ్చారు. ఆ ఆలోచనకు ఆధారమైన అనుభవాల్లో మితానిన్ పథకం ముఖ్యమైనది. అంతకుముందు మహారాష్ట్రలోని జామ్‌ఖేడ్‌లో 1970 నుంచి ఆరోలే దంపతులు గ్రామ మహిళలతో చేసిన పని, బస్తర్‌ను ఆనుకుని ఉన్న గడ్చిరోలిలో రాణీ బంగ్, అభయ్ బంగ్‌లు చేసిన నవజాత శిశు సంరక్షణ కూడా ఈ దారి వేసినవే. శిక్షణ పొందిన గ్రామ మహిళలు ఇంటివద్దే శిశువులను చూసుకుంటే నవజాత శిశు మరణాలు సగానికి పైగా తగ్గుతాయని గడ్చిరోలి అధ్యయనం 1999లో చూపింది.

చదువు తక్కువ ఉన్న మహిళ వైద్యపరమైన నిర్ణయం ఎలా తీసుకోగలదన్న సందేహం సహజం. ఆమెకు అప్పగించే పనులను చూస్తే ఇది సాధ్యమేనని అర్థమవుతుంది. న్యుమోనియానే తీసుకుందాం. ఊపిరితిత్తుల్లో ఇన్ఫెక్షన్ ఉన్నప్పుడు రక్తానికి తగినంత ఆక్సిజన్ అందక శరీరం శ్వాస వేగాన్ని పెంచుతుంది. కాబట్టి ఎక్స్‌రే లేకుండానే శ్వాసలు లెక్కించి అనుమానించవచ్చు. బిడ్డ ప్రశాంతంగా ఉన్నప్పుడు నిమిషం పాటు లెక్కిస్తే, రెండు నెలల లోపు శిశువులో 60 లేదా అంతకు మించి, రెండు నెలల నుంచి ఏడాది లోపు 50 లేదా అంతకు మించి, ఏడాది నుంచి అయిదేళ్ల లోపు 40 లేదా అంతకు మించి ఉంటే ప్రమాద సంకేతం. లెక్కించడం నేర్చుకున్న ఎవరైనా ఈ పని చేయగలరు.

విరేచనాలకు ఇచ్చే ఓఆర్ఎస్ సంగతీ ఇంతే. పేగు గోడలోని కణాలు సోడియం, గ్లూకోజులను జంటగా లోపలికి తీసుకుంటాయి. వాటి వెంట నీరు కూడా వస్తుంది. విరేచనాల్లో మిగతా దారులు దెబ్బతిన్నా ఈ జంట దారి పనిచేస్తూనే ఉంటుంది. అందుకే ఉప్పు, చక్కెర సరైన పాళ్లలో కలిసిన నీళ్లు తాగించినా చాలావరకు సెలైన్ ఎక్కించిన ఫలితం వస్తుంది. ప్యాకెట్‌ను లీటరు శుభ్రమైన నీటిలో కలపడం, కొద్దికొద్దిగా తాగిస్తూ ఉండడం, 14 రోజులు జింక్ ఇవ్వడం, కళ్లు లోతుకు పోయి బిడ్డ మగతగా ఉంటే వెంటనే ఆస్పత్రికి పంపడం మితానిన్ శిక్షణలోని అంశాలే. పారాసిటమాల్, ఓఆర్ఎస్ వంటి మందులున్న పెట్టె ఆమె దగ్గర ఉంటుంది. పెట్టె ఖాళీ అయి నెలల తరబడి నిండకపోతే మాత్రం ఊరికి ఆమె మీదున్న నమ్మకం కూడా తరిగిపోతుంది. మందుల సరఫరా ఆగకుండా ఉండడం శిక్షణ ఎంత ముఖ్యమో అంత ముఖ్యం.

రెండో ఆలస్యం: వైద్యమే సంతకు వస్తే

బస్తర్‌లో అయినా, సర్గుజాలో అయినా వారానికోసారి సంత జరుగుతుంది. ఉప్పు, నూనె, బట్టలు కొనడానికి, ఇప్పపూలు, చింతపండు అమ్మడానికి చుట్టుపక్కల గూడేల వారంతా నడిచి వస్తారు. ఆస్పత్రి కోసం ఒక రోజు కూలి వదులుకోని మనిషి కూడా సంత తప్పడు. ఈ అలవాటును ఆధారం చేసుకుని 2019 అక్టోబర్ 2న ముఖ్యమంత్రి హాట్ బజార్ క్లినిక్ పథకం రాష్ట్రవ్యాప్తంగా మొదలైంది. వైద్య బృందం వాహనంలో సంతకు వచ్చి రక్తపోటు, మధుమేహం, రక్తహీనత, మలేరియా వంటి పరీక్షలు చేసి అక్కడే మందులిస్తుంది.

ఈ ఏర్పాటు వల్ల ప్రయాణం తగ్గడమే కాదు, మరో ముఖ్యమైన లాభం ఉంది. జ్వరానికి ఒకసారి మందిస్తే సరిపోతుంది. రక్తపోటు, మధుమేహం అలా కాదు. క్రమం తప్పకుండా కొలవాలి, మందు మార్చాలి, మళ్లీ ఇవ్వాలి. సంత వారం వారం అదే రోజున, అదే చోట జరుగుతుంది కాబట్టి రోగి, వైద్య బృందం మళ్లీ కలుసుకునే అవకాశం ఉంటుంది. దీర్ఘకాలిక జబ్బుల చికిత్సలో అన్నిటికంటే కష్టమైన పని ఇదే.

రోగిని తరలించక తప్పని సందర్భాలకు వేరే దారులు కావాలి. 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో మొదలైన 108 అంబులెన్స్ సేవ 2011లో ఛత్తీస్‌గఢ్‌కూ చేరింది. అయితే పెద్ద వాహనానికి దారి కావాలి. దారి లేని చోట మంచం మీద, కావడి మీద మోసుకొచ్చే పరిస్థితి ఉంది. ఉత్తరాంధ్ర మన్యంలో డోలీ మోతలు చూసిన వారికి ఇది కొత్త కాదు. నారాయణపూర్ వంటి జిల్లాల్లో పక్కన పడక అమర్చిన మోటార్‌సైకిల్ అంబులెన్సులు వచ్చింది ఇందుకే. అవి సన్నని అటవీ బాటల గుండా గర్భిణిని రోడ్డు దాకా చేర్చి, అక్కడ 108కు అప్పగిస్తాయి.

కొన్నిసార్లు మనిషి ప్రయాణించనక్కర్లేదు, రక్తపు చుక్క ప్రయాణిస్తే చాలు. బిలాస్‌పూర్ సమీపంలోని గనియారిలో జన్ స్వాస్థ్య సహయోగ్ అనే సంస్థ పనిచేస్తోంది. ఢిల్లీ ఎయిమ్స్‌లో చదివిన కొందరు వైద్యులు 1990లలో దీన్ని స్థాపించారు. అచానక్‌మార్ అటవీ గ్రామాల్లోని వీరి ఆరోగ్య కార్యకర్తలు జ్వరం వచ్చినవారి వేలి నుంచి రక్తపు చుక్క తీసి, గాజు పలకపై పూసి, అటుగా వెళ్లే బస్సులో గనియారి ల్యాబుకు పంపేవారు. ఫలితం తిరుగు బస్సులో వచ్చేది. కొత్త వాహనం కొనలేదు, కొత్త ఉద్యోగిని పెట్టలేదు. ఊరికి రోజూ వచ్చే బస్సునే ల్యాబుకు దారిగా మలచుకున్నారు.

మూడో ఆలస్యం: చేరాక ఎవరు చూస్తారు?

రోగి ఆస్పత్రికి చేరాడు. కుర్చీలో డాక్టరు లేకపోతే? పల్లె ప్రాంతాల్లో ఎంబీబీఎస్ వైద్యులు నిలవకపోవడం దేశమంతటా ఉన్న సమస్య. కొత్త రాష్ట్రం దీనికి సాహసోపేతమైన పరిష్కారం ఎంచుకుంది. 2001లో చట్టం చేసి మూడేళ్ల వైద్య డిప్లొమా కోర్సు ప్రారంభించింది. పల్లె నేపథ్యం ఉన్న యువతకు పల్లెల్లో తరచూ కనిపించే జబ్బుల మీద శిక్షణ ఇచ్చి అక్కడే నియమించాలన్నది ఉద్దేశం.

కోర్సుపై వెంటనే వివాదం రేగింది. పట్టణానికి పూర్తి డాక్టరు, పల్లెకు సగం డాక్టరా అని వైద్య సంఘాలు ప్రశ్నించాయి. తమ అర్హతకు పెట్టిన పేరు మీద, పట్టా విలువ మీద విద్యార్థులు ఆందోళనలు చేశారు. కొన్నేళ్లకే కొత్త ప్రవేశాలు ఆగిపోయాయి. అప్పటికే ఉత్తీర్ణులైన వారిని ప్రభుత్వం 'గ్రామీణ వైద్య సహాయకులు'గా ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో నియమించింది.

వారు నిజంగా సగం డాక్టర్లేనా? దీన్ని తేల్చేందుకు భారత ప్రజారోగ్య ఫౌండేషన్, జాతీయ ఆరోగ్య వ్యవస్థల వనరుల కేంద్రం, రాయ్‌పూర్‌లోని రాష్ట్ర వనరుల కేంద్రం కలిసి ఒక అధ్యయనం చేశాయి. దాని నివేదిక 2010లో వెలువడింది. ఎంబీబీఎస్ వైద్యులు, గ్రామీణ వైద్య సహాయకులు, ఆయుష్ వైద్యులు, పారామెడికల్ సిబ్బంది ముందు ఒకే రకమైన ఊహాజనిత రోగుల కేసులు ఉంచారు. మలేరియా, విరేచనాలు, న్యుమోనియా, క్షయ, మధుమేహం, గర్భిణుల్లో వచ్చే ప్రమాదకర రక్తపోటు అందులో ఉన్నాయి. ఏ ప్రశ్నలు అడిగారు, ఏ పరీక్షలు చేయాలన్నారు, ఏ మందు రాశారు అన్న వాటికి మార్కులు వేశారు. ఈ జబ్బుల విషయంలో మూడేళ్ల కోర్సు చదివిన వారి సామర్థ్యం ఎంబీబీఎస్ వైద్యులతో సమానంగా ఉందని తేలింది. ఆయుష్ వైద్యులు వారి తర్వాత, పారామెడికల్ సిబ్బంది చివర నిలిచారు.

ఈ ఫలితాన్ని జాగ్రత్తగా చదవాలి. మూడేళ్ల చదువు ఎంబీబీఎస్‌కు సమానమని ఇది చెప్పడం లేదు. సంక్లిష్టమైన జబ్బులు అధ్యయనం పరిధిలోకే రాలేదు. పైగా ఎంబీబీఎస్ వైద్యుల మార్కులు కూడా చాలా ఎక్కువగా ఏమీ లేవు. ప్రాథమిక వైద్యానికి ఎంత చదువు అన్నదే కాకుండా దేని మీద శిక్షణ అన్నది కూడా ముఖ్యమని ఇది చెబుతోంది. నేడు ఉప కేంద్రాల స్థాయిలో నర్సింగ్ చదివి అదనపు శిక్షణ పొందిన కమ్యూనిటీ హెల్త్ ఆఫీసర్లు పనిచేయడం వెనుక ఉన్నది ఈ ఆలోచనే. ఆయుష్మాన్ భారత్ కింద దేశంలో తొలి హెల్త్ అండ్ వెల్‌నెస్ సెంటర్ 2018 ఏప్రిల్ 14న ప్రారంభమైంది కూడా ఛత్తీస్‌గఢ్‌లోనే, బీజాపూర్ జిల్లా జాంగ్లాలో.

ఉన్న వైద్యులను నిలబెట్టుకోవడానికి మరో ప్రయత్నం జరిగింది. ఛత్తీస్‌గఢ్ గ్రామీణ వైద్య దళం పేరుతో ఆస్పత్రులను సాధారణ, కష్టతర, అత్యంత కష్టతర, దుర్గమ ప్రాంతాలుగా వర్గీకరించి, కష్టం పెరిగేకొద్దీ అదనపు పారితోషికం ఇచ్చే ఏర్పాటు చేశారు.

డాక్టరు ఉన్నా కరెంటు లేకపోతే రాత్రి కాన్పు చేయడం, టీకాలు చల్లగా ఉంచడం కష్టం. రాయ్‌పూర్ కేంద్రంగా పనిచేసే రాష్ట్ర పునరుత్పాదక ఇంధన సంస్థ క్రెడా వందలాది ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలపై సౌర ఫలకాలు అమర్చింది. ఇంధన, పర్యావరణ, జల మండలి 2017లో వెలువరించిన అధ్యయనం ప్రకారం, కరెంటు కొరత ఉండి సౌర విద్యుత్ లేని కేంద్రాలతో పోలిస్తే సౌర విద్యుత్ ఉన్న కేంద్రాల్లో నెలకు జరిగే కాన్పులు దాదాపు రెట్టింపు. ఔట్ పేషెంట్లు కూడా సగానికి సగం ఎక్కువ. పై కప్పు మీది ఫలకం కూడా వైద్య పరికరమేనని ఈ లెక్క చెబుతోంది.

మూడూ కలిసినప్పుడు: బస్తర్‌లో మలేరియా

మూడు ఆలస్యాలనూ ఒకేసారి ఎదుర్కొన్న ప్రయత్నం 2020 జనవరిలో బస్తర్ డివిజన్‌లోని ఏడు జిల్లాల్లో మొదలైంది. దాని పేరు మలేరియా ముక్త్ బస్తర్. జ్వరం వచ్చినవారు ఆస్పత్రికి వచ్చేదాకా ఆగకుండా, బృందాలు వాగులు, గుట్టలు దాటి ఇంటింటికీ వెళ్లి జ్వరం ఉన్నా లేకున్నా అందరికీ పరీక్ష చేశాయి.

జ్వరం లేనివారికి పరీక్ష ఎందుకు? మలేరియా ఎక్కువగా ఉండే చోట పుట్టి పెరిగిన వారికి పదే పదే సోకడం వల్ల పాక్షిక నిరోధకత వస్తుంది. పరాన్నజీవి రక్తంలో ఉంటుంది, జ్వరం మాత్రం రాదు. ఆ మనిషిని కుట్టిన దోమ దాన్ని పొరుగింటి పసిబిడ్డకు అందిస్తుంది. తొలి విడతలో మలేరియా ఉన్నట్టు తేలిన వారిలో సగం కంటే ఎక్కువ మందికి ఏ లక్షణమూ లేదు. జ్వరపీడితులను మాత్రమే పరీక్షించి ఉంటే వీరంతా లెక్కలోకి వచ్చేవారే కాదు.

ఈ పని సాధ్యమైంది ర్యాపిడ్ పరీక్ష కిట్ల వల్ల. మలేరియా పరాన్నజీవి రక్తంలోకి విడుదల చేసే కొన్ని ప్రోటీన్లను పట్టుకునే యాంటీబాడీలు కిట్‌లోని పట్టీ మీద ఉంటాయి. వేలి నుంచి తీసిన ఒక్క చుక్క చాలు. పదిహేను, ఇరవై నిమిషాల్లో గీత కనిపిస్తుంది. సూక్ష్మదర్శిని, కరెంటు, ల్యాబ్ టెక్నీషియన్ అక్కర్లేదు. అయితే ఫాల్సిపారం ప్రోటీన్ జబ్బు నయమయ్యాక కూడా కొన్ని వారాల పాటు రక్తంలో ఉండిపోవచ్చు. కాబట్టి చికిత్స అయిన వెంటనే మళ్లీ అదే కిట్‌తో పరీక్షిస్తే తప్పుదారి పట్టించే ప్రమాదం ఉంది.

పాజిటివ్ వస్తే అక్కడికక్కడే ఆర్టెమిసినిన్ ఆధారిత మిశ్రమ చికిత్స మొదలుపెడతారు. మూడు రోజుల కోర్సు ఇది. రెండు మాత్రలకే జ్వరం తగ్గిపోతుంది కాబట్టి మధ్యలో మానేసే ప్రమాదం ఎక్కువ. మానేస్తే మిగిలిన పరాన్నజీవులు మందును తట్టుకునే శక్తి సంపాదించే అవకాశం పెరుగుతుంది. మూడో రోజు మాత్ర కూడా మింగారో లేదో చూసే పని మళ్లీ మితానిన్‌దే. తర్వాతి విడతల్లో పాజిటివ్ కేసుల శాతం గణనీయంగా తగ్గింది.

బస్తర్ రక్తంలో మలేరియా మరో ముద్ర కూడా వేసింది. హీమోగ్లోబిన్ అణువులో ఒకే ఒక అమైనో ఆమ్లం మారడం వల్ల సికిల్‌సెల్ జబ్బు వస్తుంది. ఆక్సిజన్ తగ్గినప్పుడు ఎర్ర రక్తకణం కొడవలి ఆకారంలోకి వంగి, సన్నని రక్తనాళాల్లో అడ్డుపడి భరించలేని నొప్పి కలిగిస్తుంది. తల్లిదండ్రులిద్దరి నుంచీ ఈ జన్యువు వస్తేనే జబ్బు. ఒకరి నుంచే వస్తే ఆ మనిషి వాహకుడు, అతనికి తీవ్రమైన మలేరియా నుంచి కొంత రక్షణ దొరుకుతుంది. తరతరాలుగా మలేరియా ఉన్న చోట ఈ జన్యువు నిలిచిపోవడానికి కారణం అదే. రాయ్‌పూర్‌లో దీనికి ప్రత్యేక సంస్థ ఉంది. 2023 జులై 1న జాతీయ సికిల్‌సెల్ నిర్మూలన మిషన్ మొదలైంది. పుట్టగానే గుర్తిస్తే టీకాలు, యాంటీబయాటిక్‌లు, తగిన వయసులో హైడ్రాక్సీయూరియాతో ఆ బిడ్డ జీవితాన్ని ఎంతో మెరుగుపరచవచ్చు. కారణం తెలియక ఏళ్ల తరబడి 'ఒళ్లు నొప్పులు'గా మిగిలిపోయే జబ్బుకు పేరు పెట్టడమే ఇక్కడ వైద్యంలో తొలి మెట్టు.

అంకెలు చెప్పేది, చెప్పనిది

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేల ప్రకారం ఛత్తీస్‌గఢ్‌లో ఆస్పత్రి కాన్పులు 2005-06లో 14 శాతం. 2015-16 నాటికి 70 శాతం. 2019-21 నాటికి 86 శాతం. ఇదే కాలంలో ప్రతి వెయ్యి జననాలకు శిశు మరణాలు 71 నుంచి 54కు, ఆపై 44కు తగ్గాయి. ఈ మార్పును ఏ ఒక్క పథకం ఖాతాలోనూ వేయలేం. రోడ్లు, ఆడపిల్లల చదువు, రేషన్ బియ్యం, జననీ సురక్ష యోజన నగదు, టీకాలు అన్నీ కలిసి పనిచేశాయి. ఆస్పత్రి కాన్పులు ఆరు రెట్లు పెరిగినా శిశు మరణాలు అదే వేగంతో తగ్గలేదన్నది కూడా గమనించాలి. చివరి సర్వే నాటికి దేశ సగటు 35. రాష్ట్రం ఇంకా వెనకే ఉంది. ఆస్పత్రి గడప తొక్కడం వేరు, లోపల మంచి వైద్యం అందడం వేరు.

ఈ తేడా ఎంత ప్రాణాంతకమో 2014 నవంబర్‌లో బిలాస్‌పూర్ జిల్లా చూపింది. ఒక కుటుంబ నియంత్రణ శిబిరంలో కొద్ది గంటల వ్యవధిలో 83 మంది మహిళలకు శస్త్రచికిత్సలు చేశారు. ఆ నెలలో అక్కడి శిబిరాల్లో శస్త్రచికిత్స చేయించుకున్న వారిలో 13 మంది మరణించారు. సేవ ఊరి దగ్గరికే వచ్చింది. భద్రత మాత్రం దాని వెంట రాలేదు. ఇలాంటి సామూహిక శిబిరాలను మూడేళ్లలో ఆపేయాలని 2016 సెప్టెంబర్‌లో సుప్రీంకోర్టు ఆదేశించింది. ఎంతమందికి చేశామన్న లెక్క ఎలా చేశామన్న ప్రశ్నను మింగేస్తే ఏమవుతుందో పల్లె వైద్యం చర్చించే ప్రతి చోటా గుర్తుంచుకోవాల్సిన ఘటన ఇది.

మితానిన్ ముందు కూడా ఒక చిక్కుముడి ఉంది. మొదట ఆమె స్వచ్ఛంద సేవకురాలు. తర్వాత పనిని బట్టి ప్రోత్సాహకాలు వచ్చాయి. రిజిస్టర్లు, సర్వేలు, ప్రచారాలు పెరిగాయి. అర్ధరాత్రి కాన్పు నొప్పులకు వెంట వెళ్లే మనిషికి స్థిరమైన వేతనం, భద్రత ఉండాలన్న డిమాండు న్యాయమైనది. అదే సమయంలో ఆమె ప్రభుత్వ వ్యవస్థలో చివరి మెట్టుగా మాత్రమే మారిపోతే, ఊరి తరఫున ఆ వ్యవస్థను ప్రశ్నించే గొంతు పోతుందన్న ఆందోళనా ఉంది. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ భారత ఆశా కార్యకర్తలను గ్లోబల్ హెల్త్ లీడర్స్ పురస్కారంతో గౌరవించింది. ఆ గౌరవం నెలసరి ఆదాయంలో ఎలా కనిపించాలన్నది ఇంకా తేలని లెక్క.

2012లో తొలి బ్యాచ్ ఎంబీబీఎస్ విద్యార్థులతో మొదలైన రాయ్‌పూర్ ఎయిమ్స్ రాష్ట్రానికి పెద్ద అండ. గుండె శస్త్రచికిత్సకు, క్యాన్సర్‌కు అలాంటి సంస్థలు కావాలి. కానీ వానాకాలంలో వాగు అవతల జ్వరంతో ఉన్న బిడ్డకు ముందు కావాల్సింది ఎయిమ్స్ కాదు. శ్వాసలు లెక్కించగల ఒక మనిషి, గడువు దాటని ఒక కిట్, నిండుగా ఉన్న ఒక మందుల పెట్టె, ఫోన్ చేస్తే కదిలే ఒక వాహనం, దీపం వెలుగుతున్న ఒక ఆరోగ్య కేంద్రం. ఈ వరసలో ఏ ఒక్కటి లేకపోయినా మిగతావన్నీ ఆగిపోతాయి. ఇవన్నీ ఉన్న చోట తల్లి మూడు ప్రశ్నలకూ ఆ రాత్రే జవాబు దొరుకుతుంది.